ముప్పై రోజుల బోర్డు

ఈ మధ్య నరసరావుపేటలో ఏ సందులోకి వెళ్ళినా ఒక వీసా కన్సల్టెన్సీ కనపడుతోంది. అద్దాల తలుపు, లోపల ఏసీ, గోడ మీద విమానం బొమ్మ. అలాంటి ఆఫీసు కొత్తగా పెట్టిన భార్యాభర్తలు మొన్న మా ఇంటికి వచ్చారు. "సార్, ఫారిన్ భార్యల కేసులు ఈ టౌన్లో మొదట చేసింది మీరే అంట గదా. మీ అనుభవాలు రాసిస్తే మాకు పనికొస్తాయి" అన్నారు. పనికొస్తాయో లేదో నాకు తెలియదు. నేను రాస్తే పొగడ్తలు ఉండవని ముందే చెప్పాను. ఫరవాలేదన్నారు.

నేను సార్‌ని కాను, వకీలునూ కాను. ప్లీడరు గుమాస్తాను. కోర్టు ఎదురు సందులో ఒక చిన్న గదిలో ముప్పై ఏళ్ళకు పైగా కూర్చున్నాను. వకాల్తాలు, వాయిదాలు, నకళ్ళు, అఫిడవిట్లు. చివరి పన్నెండేళ్ళు మాత్రం ఈ వీసా పని వచ్చి నెత్తిన పడింది. మన వైపు కుర్రాళ్ళు దోహా, దుబాయ్, మలేషియా వెళ్ళారు. అక్కడ పని చేసుకునే వాళ్ళలో మనసు కలిసిన వాళ్ళని పెళ్ళాడి తీసుకొచ్చారు. తీసుకొచ్చాక ఆ అమ్మాయిని ఇక్కడ ఉండనివ్వాలంటే ఏ కాగితం కావాలో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. కానీ ఇంగ్లీషులో ఉన్న కాగితం చదవగలను గనక నా దగ్గరకు వచ్చారు. అడ్డదిడ్డంగా నేర్చుకున్నాను.

ఇందులో నేను గెలిచిన కేసులు చానా ఉన్నాయి. వాటి గురించి రాయబుద్ధి కావడం లేదు. ఓడిపోయిన ఒక్కదాని కోసమే కలం పట్టాను.

మా ప్లీడరు గారి పాఠం

నేను పని నేర్చుకున్నది సాంబశివరావు గారనే ప్లీడరు దగ్గర. సివిల్ దావాల్లో ఘటికుడు. తెల్ల లాల్చీ, నోట్లో వక్క, మాట నెమ్మది. ఒకసారి నేనొక అఫిడవిట్‌లో కక్షిదారు చెప్పింది చెప్పినట్టు రాశాను. ఆయన చదివి, చింపి, బుట్టలో వేశారు.

"ఒరేయ్, జరిగింది రాస్తే ఎవడు గెలుస్తాడ్రా? మిగతా కాగితాలు ఏం చెబుతున్నాయో చూడు. వాటితో కలిసేటట్టు రాయి. కాగితం కాగితంతో కలిస్తే చాలు. మనిషితో కలవక్కర్లేదు" అన్నారు.

అది నాకు పెద్ద జ్ఞానంలాగా తోచింది. పాతికేళ్ళు దాని మీదే బతికాను. భూముల కేసుల్లో అది పని చేసింది కూడా. ఎందుకంటే భూమిని పిలిచి ఎవరూ ప్రశ్న అడగరు. వీసా కేసులో మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి అడుగుతారు. ఆ తేడా నా బుర్రకు ఎక్కేసరికి ఒక ఆడపిల్ల బతుకు తెల్లారింది. ఆయన పోయి చానా కాలమైంది. ఆయన మీద నాకిప్పుడు కోపమే ఉంది, గౌరవం లేదు. గురువుని అట్లా అనకూడదంటారు. అంటున్నాను.

ఉన్నది మూడు దారులు

కొత్తగా ఈ పనిలోకి వచ్చే వాళ్ళకు అర్థమయ్యేటట్టు చెబుతాను. మన వాడిని చేసుకున్న పరాయి దేశపు అమ్మాయి ఇక్కడ కాపురం చెయ్యాలంటే ఉన్నవి మూడు దారులు.

ఒకటి, పెళ్ళి ఆమె దేశంలోనే చేసుకుని, ఆ సర్టిఫికెట్ చూపించి అక్కడి మన ఎంబసీలో భార్య హోదాతో ఎంట్రీ వీసా తెచ్చుకోవడం. ఆలస్యం అవుతుంది, కానీ నిద్ర పడుతుంది. రెండు, టూరిస్టు వీసా మీద రావడం, ఇక్కడ పెళ్ళి చేసుకోవడం, తరవాత దాన్ని భార్య వీసాగా మార్చమని అర్జీ పెట్టడం. మొదలు సులువు, చివర కష్టం. మూడు, పెళ్ళయి రెండేళ్ళు నిండాక ఎన్నాళ్ళయినా ఉండనిచ్చే ఓసీఐ కార్డుకు పెట్టుకోవడం. అది వస్తే ఇక ఏటేటా ఎవరి గుమ్మమూ తొక్కక్కర్లేదు. కానీ అది రెండేళ్ళ తరవాతి మాట. ఆ రెండేళ్ళూ నిలబడ్డానికి మొదటి రెంటిలో ఏదో ఒకటి కావాలి.

మన జనం నూటికి తొంభై మంది రెండో దారే పడతారు. ఎందుకంటే ఫోన్లో నాలుగు నొక్కులు నొక్కితే టూరిస్టు వీసా వస్తుంది. వచ్చింది గదా అని సంబరపడతారు. గడువు ముంచుకొచ్చేదాకా కాగితాల సంగతి తలుచుకోరు. నా దగ్గరకు వచ్చేది అప్పుడే.

అత్తగారి సాక్ష్యం

కాపురం నిజమా, వీసా కోసం వేసిన నాటకమా అని పోలీసులు విచారణకు వస్తారు. దానికి మీరు ఫోటో ఆల్బమ్‌లు సిద్ధం చేస్తుంటారని విన్నాను. ఒక సంగతి చెబుతా వినండి.

పెదకూరపాడు వైపు ఒక రైతు ఇంటికి వియత్నాం కోడలు వచ్చింది. విచారణకు వచ్చిన కానిస్టేబుల్ అత్తగారిని అడిగాడు. "ఏమ్మా, మీ కోడలు మీ ఇంట్లోనే ఉంటదా?" అంతే. ఆవిడ చీపురు పక్కన పడేసి అందుకుంది. "ఉంటది నాయనా, యాడికి పోద్ది? గోంగూర ముట్టదు. పొద్దున్నే ఆ చప్పిడి నీళ్ళు కాచుకుని తాగుద్ది. నా కొడుకు కంచం కడగబోతే ఊరుకుంటది, మొగోడు కంచం కడగొచ్చా? నువ్వే చెప్పు!" పావుగంట ఆపలేదు. కోడలు వెనకాల నిలబడి నవ్వుతోంది, ఆ పిల్లకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానిస్టేబుల్ పుస్తకం మూసి, "ఇది కాపురమేలే" అని లేచాడు.

సంసారం నిజమనడానికి అత్త తిట్లను మించిన రుజువు లేదు. ఆ కేసు నేను ఏ తెలివీ చూపకుండా గెలిచాను. అప్పుడైనా నాకు బుద్ధి రావాల్సింది. ఉన్నది ఉన్నట్టు చెబితే పని జరుగుతుందని కళ్ళ ముందు కనపడింది. నేను చూడలేదు.

వీరయ్య భయం

ఇక అసలు సంగతి.

ఈపూరు పక్కన ఒక ఊరు. పేరు రాయను. అక్కడి మాజీ సర్పంచి వీరయ్య. ఆయన ఒక్కగానొక్క కొడుకు కోటేశ్వరరావు, అందరూ కోటి అంటారు. దోహాలో మట్టి తవ్వే ప్రొక్లెయిన్ ఆపరేటర్‌గా ఏడేళ్ళు చేశాడు. అక్కడ ఒక బేకరీలో పని చేసే ఫిలిప్పీన్స్ అమ్మాయి మారిసెల్‌ని ఇష్టపడ్డాడు. దోహా ఉద్యోగం వదిలేసి ఊరికి వచ్చాడు. దగ్గరలో ఒక కంకర క్రషర్లో పని కుదుర్చుకున్నాడు. "ఇక ఎక్కడికీ పోను, ఆమె వస్తుంది, ఇక్కడే ఉంటాం" అన్నాడు. వీరయ్య మొదట చిందులు తొక్కాడు, తరవాత ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక ఒకటే పట్టు. "నా కొడుకు పెళ్ళి నా వాకిట్లో జరగాల. ఆ దేశం పోయి చేసుకునేదేంది?"

అట్లా మొదటి దారి మూసుకుంది. మారిసెల్ టూరిస్టు వీసా మీద వచ్చింది. తొంభై రోజులు ఉండొచ్చు. ఆమె వచ్చిన మూడో రోజున ముగ్గురూ నా గదికి వచ్చారు.

చామనచాయ, గుండ్రటి మొహం, మెడలో దారానికి కట్టిన చిన్న సిలువ. దోహాలో మన వాళ్ళ మధ్య తిరిగి తెలుగు కొంత నేర్చుకుంది. అదీ కోటి దగ్గర నేర్చుకున్న తెలుగు గనక అచ్చం మన పల్నాటి యాస. "నమస్తే బాబాయ్, చానా ఎండగా ఉంది" అంది. నాకు నవ్వొచ్చింది. నా గదికి వచ్చిన వాళ్ళెవరూ నన్ను బాబాయ్ అనరు, గుమాస్తా గారూ అంటారు.

నేను లెక్క చెప్పాను. అమ్మాయి క్రైస్తవురాలు, అబ్బాయి హిందువు. మతాలు వేరైనప్పుడు స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద చేసుకోవాలి. దానికి ముందు రిజిస్ట్రారు ఆఫీసులో నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు ముప్పై రోజులు బోర్డు మీద ఉంటుంది. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పుకోవచ్చు. ముప్పై అయ్యాక పెళ్ళి, సర్టిఫికెట్. తొంభైలో ముప్పై పోయినా వీసా మార్పుకు దగ్గర దగ్గర రెండు నెలలు చేతిలో ఉంటాయి. బొటాబొటిగా సరిపోతుంది.

వీరయ్య మొహం నల్లబడింది.

"బోర్డు మీద నా కోడలి పేరు అంటిస్తారా? ముప్పై రోజులా? పుల్లారావు ముప్పై గంటలు కూడా ఆగడు. పొద్దున్నే పోయి అబ్జెక్షన్ పడేస్తాడు. ఇంతకంటే పండగేముంది ఆడికి?"

పుల్లారావు ఆ ఊళ్ళో ఎదుటి పార్టీ మనిషి. సాగర్ కాలువ తూము దగ్గర మొదలైన తగాదా సర్పంచి ఎన్నికలదాకా వచ్చి, రెండిళ్ళ మధ్య మాటలు పోయి ఇరవై ఏళ్ళు. మన పల్లెల్లో ఇది కొత్త కాదు. ఎదుటి వాడు ఏం చేస్తాడో వాడి కంటే ముందు మనమే ఆలోచించి పెడతాం. వాడు కలలో కూడా అనుకోని కుట్ర వాడి పేరు మీద మనమే అల్లి, దానికి మనమే భయపడతాం. నేను ఎన్ని దావాల్లో చూశాను! అయినా వీరయ్య భయం నాకు న్యాయంగానే తోచింది. నేనూ ఈ మట్టిలో పుట్టినవాణ్ణే.

"ఇంకో దోవ లేదా గుమాస్తా గారూ?" అన్నాడు.

ఉందన్నాను. నాలుక కొరుక్కోవలసింది. గర్వంగా అన్నాను.

సంతకం

ఇంకో దోవ ఏమిటంటే, అమ్మాయి హిందూ మతంలోకి మారినట్టు ఒక సంఘం చేత శుద్ధి పత్రం ఇప్పించడం, దానికి ఒక అఫిడవిట్ జత చెయ్యడం. ఇద్దరూ హిందువులైతే నోటీసు అక్కర్లేదు. గుళ్ళో పెళ్ళి, రెండు రోజుల్లో రిజిస్ట్రేషన్. బోర్డు లేదు, పుల్లారావు లేడు. మా ప్లీడరు గారు ఉంటే భుజం తట్టేవారు.

నిజంగా మనసు మారి మతం మార్చుకున్న వాళ్ళ సంగతి వేరు, వాళ్ళ జోలి నాకొద్దు. ఇది అది కాదు. ఆ రోజు నేనే టైపు చేయించాను. 'నేను హిందూ ధర్మాన్ని అభ్యసించి, నా ఇష్టపూర్వకంగా స్వీకరించాను' అని ఇంగ్లీషులో నాలుగు పేరాలు. మారిసెల్ ఇంగ్లీషు బాగా చదువుతుంది. మొత్తం చదివి తలెత్తింది.

"బాబాయ్, ఇది నిజం కాదు గదా?"

"ఫార్మాలిటీ అమ్మా. కాగితం కోసం."

"చర్చికి పోవచ్చా మరి?"

"హాయిగా పో. ఎవరు వద్దన్నారు?"

ఆమె కోటి వైపు చూసింది. కోటి వాళ్ళ నాన్న వైపు చూశాడు. వీరయ్య నా వైపు చూశాడు. ఆ గదిలో అంతా నన్ను నమ్మారు. ఆమె సంతకం పెట్టింది. నెమ్మదిగా, స్కూలు పిల్ల రాసినట్టు, పూర్తి పేరు.

అయిదో రోజు గుళ్ళో పెళ్ళి. ఏడో రోజు సర్టిఫికెట్ చేతికొచ్చింది. వీరయ్య ఊరందరికీ భోజనాలు పెట్టాడు, పుల్లారావు ఉండే బజారు తప్ప. వీసా మార్పుకు అర్జీ పెట్టేశాం. నేను ఆ నెలంతా కాలరెగరేసుకుని తిరిగాను.

మిరపకాయల కళ్ళం

ఆ రెండు నెలలూ ఆమె ఎట్లా ఉందో నేను తరవాత విన్నాను. విన్నది విన్నట్టు రాస్తున్నాను.

అత్త వెంట మిరపకాయలు ఆరబోసే కళ్ళానికి పోయేదట. తాలు కాయలు ఏరడం ఒక్క పూటలో పట్టేసింది. చేతులు మండితే కొబ్బరినూనె రాసుకుని మళ్ళీ కూర్చునేది. మంచినీళ్ళ ప్లాంటు పుల్లారావు బజార్లో ఉంది. క్యాను పట్టుకుని ఆమే వెళ్ళేది. అక్కడి ఆడవాళ్ళు పలకరిస్తే పలికేది. పుల్లారావు భార్య పిలిచి మజ్జిగ ఇస్తే అరుగు మీద కూర్చుని తాగి వచ్చేది. ఆ సంగతి తెలిసి వీరయ్య కేకలేశాడట, "ఆ బజారుకి పోమాక" అని. "ఎందుకు మామా?" అని అడిగిందట. కాలువ తూము కథ చెప్పడం మొదలుపెట్టి, సగంలో తనకే సిగ్గేసి మానుకున్నాడట.

ఆదివారం ఆదివారం ఆటో ఎక్కి చర్చికి వెళ్ళేది. కోటి వెంట వెళ్ళి, బయట టీ తాగుతూ కూర్చునేవాడు. మూడో నెల మొదట్లో కడుపుతో ఉందని తెలిసింది. వాళ్ళత్త ఊరంతా తిరిగి చెప్పింది.

ఆ ఒక్క ప్రశ్న

వచ్చిన డెబ్బై తొమ్మిదో రోజున ఇంటర్వ్యూకు పిలిచారు. వీసాల వ్యవహారం చూసే ఒక మహిళా అధికారి. పేరు, ఊరు వద్దు. ఆమె తప్పు ఆవగింజంత కూడా లేదు.

మారిసెల్, కోటి, వీరయ్య, నేను. అధికారి ఫైలు తిప్పుతూ, "ఊళ్ళో విచారణ బాగా వచ్చింది" అంది. ఒక స్టేట్‌మెంట్ తీసి చదివింది.

"'ఆళ్ళిద్దరూ మొగుడూ పెళ్ళాలే. ఆ పిల్ల మా ఇంటికొచ్చి మజ్జిగ తాగుద్ది, మా ఆడోళ్ళతో కలిసి కాయలు ఏరుద్ది. వీరయ్యకీ నాకూ మాటల్లేవు. అయినా సరే, ఆ పిల్ల మంచిది. ఈడనే ఉండనీయండి.' పుల్లారావు అంట. ఎవరాయన?"

వీరయ్య భుజం మీద తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "మా ఊరాయన" అన్నాడు చివరికి.

నాకు ధైర్యం వచ్చింది. అయిపోయిందిలే, గట్టెక్కాం అనుకున్నాను. అధికారి ఇంకో కాగితం తిప్పింది. నేను రాయించిన అఫిడవిట్. మారిసెల్ మెడలోని సిలువ వైపు ఒకసారి చూసి, మామూలుగానే, గుచ్చినట్టు కాదు, ఇంగ్లీషులో అడిగింది.

"మీరు మతం ఎప్పుడు మార్చుకున్నారు?"

బయట మెట్ల మీద నేను మారిసెల్‌కి చెప్పే ఉన్నాను. మతం మాటొస్తే 'హిందూ' అను, అంతకు మించి మాట్లాడమాక అని. ఆమె అప్పుడు ఏమీ అనలేదు. సరేనన్నట్టుందని నేనే అనుకున్నాను.

ఆమె చేతులు టేబుల్ మీద పెట్టుకుంది. "మార్చుకోలేదు మేడమ్. సంతకం పెట్టాను."

అధికారి కళ్ళజోడు తీసింది. ఆ ఒక్క జవాబుతో ఏమైందో ఆమెకు తెలుసు, నాకు తెలుసు. మిగతా ముగ్గురికీ తెలియదు. మతం మారకపోతే హిందూ వివాహ చట్టం కింద జరిగింది పెళ్ళే కాదు. పెళ్ళి కాకపోతే భార్య కాదు. భార్య కాకపోతే వీసా లేదు.

"ఈ కాగితం ఎవరు రాశారు?" అంది అధికారి.

కోటి తల తిప్పి నన్ను చూశాడు. మారిసెల్ చూడలేదు. తల దించుకుని తన చేతుల వంకే చూసుకుంటూ ఎదురుచూసింది. నేను చెప్పొచ్చు. 'నేనే రాశానమ్మా, ఆ పిల్లకు ఫార్మాలిటీ అని చెప్పి నేనే సంతకం పెట్టించాను' అనొచ్చు. అంటే వీసా వచ్చేదని కాదు. ఆమె మోసగత్తె కాదని ఆ ఫైల్లో ఒక ముక్క ఉండేది. నేను గోడ మీది క్యాలెండర్ వంక చూస్తూ కూర్చున్నాను. ముప్పై ఏళ్ళలో నేను చేసిన తప్పులన్నీ ఒక ఎత్తు, ఆ రెండు నిమిషాల మౌనం ఒక ఎత్తు.

పదకొండు రోజులు

అధికారి మంచిదే. "నేను తిరస్కరిస్తే రికార్డులో పడుతుంది. మీరే అర్జీ వెనక్కి తీసుకోండి. గడువు లోపల వెళ్ళిపోండి. అక్కడ సరిగ్గా పెళ్ళి చేసుకుని, ఎంట్రీ వీసా మీద రండి" అంది.

"ఈడనే మళ్ళీ చేసుకుంటాం మేడమ్. ఆ బోర్డు మీదే పెట్టండి" అన్నాడు వీరయ్య.

"ఆ నోటీసుకు ముప్పై రోజులు కావాలండీ. మీ చేతిలో పదకొండే ఉన్నాయి."

వచ్చిన మూడో రోజున మాకు ఎనభై ఏడు ఉన్నాయి. ఆ అంకె నా తలలో ఇప్పటికీ మేకులాగా దిగి ఉంది.

వెళ్ళే ముందు రోజు మారిసెల్ ఒక్కతే నా గదికి వచ్చింది. కోటి కింద ఆటోలో ఉన్నాడు. వాళ్ళత్త పంపిన కారం పొడి పొట్లం నా బల్ల మీద పెట్టింది. తిట్టడానికి వచ్చిందనుకుని నేను సిద్ధంగా ఉన్నాను. తిట్టినా బాగుండేది.

"బాబాయ్, ఆ దినం మేడమ్ అడిగింది గదా, ఎవరు రాశారు అని" అంది.

"అవునమ్మా."

"నువ్వు చెప్తావనుకున్నా."

అంతే అంది. నమస్తే పెట్టి మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ కారం పొట్లం నేను విప్పలేకపోయాను. మా ఆవిడ చానా రోజుల తరవాత ఎవరికో ఇచ్చేసింది.

తరవాతి కథ పొడుగు, చెప్పడానికి రుచి లేదు. ఆమె వెళ్ళింది. రెండు నెలలకు కోటి వెళ్ళాడు. ఆమె ఊరి చర్చిలో పెళ్ళి చేసుకున్నారు. పాప పుట్టింది. ఎంట్రీ వీసాకు పెడితే పాత ఫైలు బయటికొచ్చింది. అప్పటి పెళ్ళి ఏమిటి, ఇప్పటి పెళ్ళి ఏమిటి, మతం మారినట్టు ఈ పత్రం ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు. అడగాల్సిందే అడిగారు. జవాబుల మీద జవాబులు రాశాం, ఒక్కటీ తెమల్లేదు. ఎన్నాళ్ళని? కోటి మళ్ళీ దోహా ఎక్కాడు. ఇప్పుడు ఆ పాపకు అయిదేళ్ళు. అమ్మ ఒక దేశంలో, నాన్న ఒక దేశంలో. క్రషర్లో కుదిరిన పని ఇంకెవరికో పోయింది. ఏ ఊళ్ళో ఉండాలని ఆ ఇద్దరూ అనుకున్నారో ఆ ఊళ్ళో తప్ప ఎక్కడైనా ఉండే యోగం పట్టింది వాళ్ళకి.

నా గది ఆ మరుసటి ఏడు మూసేశాను. ఆరోగ్యం బాగాలేదని అందరికీ చెప్పాను. అదీ అబద్ధమే.

బోర్డు ముందు

పోయిన వేసవిలో మా స్థలం ఈసీ కోసం రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళాను. నా వంతు రావడానికి గంట పట్టేటట్టుంది. వరండాలో నడుస్తుంటే ఆ బోర్డు కనపడింది. చెక్క ఫ్రేమ్, తుప్పు పట్టిన జాలీ తలుపు, లోపల నాలుగైదు నోటీసులు. ఎండకు ఫోటోలు వెలిసిపోయి, ఆడో మగో కూడా తెలియడం లేదు. ఒక నోటీసు పిన్ను ఊడి తలకిందులుగా వేలాడుతోంది. దాని పక్కనే దస్తావేజులు రాసేవాళ్ళు, సాక్షులు, అమ్మేవాళ్ళు, కొనేవాళ్ళు, ఇసకేస్తే రాలని జనం. నేను నిలబడినంతసేపూ ఒక్కరు కూడా దాని వంక తల తిప్పలేదు.

"ఏంది గుమాస్తా గారూ, ఎవరి పెళ్ళి?"

వెనక్కి తిరిగితే ఒక పెద్దాయన. పంచె, చేతిలో పట్టాదారు పుస్తకం. "నేను పుల్లారావుని. వీరయ్య ఊరు" అన్నాడు. కేసులో ఆయన మాట చదవగా విన్నానే గాని, మనిషిని చూడడం అదే మొదలు.

ఆయన ఇచ్చిన స్టేట్‌మెంట్ చానా బాగుందని ఏదో గొణిగాను.

"బాగుంటే ఏం లాభం? ఆ పిల్ల పాయె. మా ఇంటిది ఇప్పటికీ తలుచుకుంటది" అన్నాడు. బోర్డు వంక చూశాడు. "నోటీసు పెడితే నేను అడ్డం పడతానని ఇంకో కాగితం రాయించారంట గదా. వీరయ్య చెప్పలేదులే, మా ఊళ్ళో అందరూ అంటారు."

నేను తల ఊపాను.

"నేను వీరయ్యతో పోట్లాడతాను. రేపు కూడా పోట్లాడతాను. ఆ పిల్లతో నాకేం తగాదా? ఆ బోర్డు మీద పెట్టి, పుల్లారావూ నువ్వు కూడా వచ్చి సాక్షి సంతకం పెట్టరా అంటే, వచ్చి పెట్టేవాణ్ణి. అడిగారా నన్ను?"

ఆయన వంతు వచ్చినట్టుంది, లోపలి నుంచి ఎవరో పిలిచారు. పంచె సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఈ పనిలోకి వచ్చే పిల్లలు నన్ను అడిగేది ఒకటే, ఏ కేసుకు ఏ వీసా మంచిది అని. పైన మూడు దారులూ రాశాను, చూసుకోండి. ఆ దారుల్లో ఏది పట్టాలో నాకు ఆ రోజే తెలుసు. ఎనభై ఏడు రోజులు చేతిలో ఉన్నాయి, ఈపూరు ఇక్కడికి ఎంతో దూరం లేదు. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి పుల్లారావు ఇంటి అరుగు మీద కూర్చుని ఒక్క మాట అడిగి రావచ్చు.

అడగలేదు.